కిక్కిస, వాగుడుకాయ

ఆ వేసవిలో మా ఇంట్లో నోరున్న వాళ్లం ముగ్గురం, నోరు పడిపోయిన మనిషి ఒక్కడు. ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ ఒక్కడి మాట వినిపించుకోలేదు. జరిగిందంతా ఇంతే. కానీ ఇంతే అని ఊరుకునేదాన్నయితే నన్ను వాగుడుకాయ అని ఎందుకంటారు?

మాది తడికలు అల్లే ఇల్లు. పెరట్లోకి దిగి పదడుగులు వేస్తే మడుగు. మడుగు నిండా కిక్కిస. తెలియనివాళ్ల కంటికి అదొక గడ్డి, అంతే. మనిషికి రెట్టింపు ఎత్తు పెరిగి, కాడ సన్నటి వెదురులా గట్టిపడి, నీళ్లలో నిలబడి ఉంటుంది. దాన్ని కోసి, ఆరబెట్టి, కాడ పక్కన కాడ పేర్చి తాడుతో బిగిస్తే తడిక. ఒకప్పుడు మా చేతి తడిక వేలాడని కిటికీ ఈ చుట్టుపక్కల వీధుల్లో ఉండేది కాదు.

ఆ కిక్కిసలోనే ఒక పిట్ట ఉంటుంది. పుస్తకాల్లో దానికేదో మర్యాదైన పేరుందట. గుప్పెడంత ఒళ్లు, మట్టిరంగు, చూడబోతే ఏమీ లేదు. నోరు మాత్రం దేవుడిచ్చాడు. ఎండలు మొదలయ్యాయంటే తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా గుక్క తిప్పుకోకుండా ఒకటే వాగుడు. నాన్న దానికి వాగుడుకాయ అని పేరు పెట్టాడు. నాకు మాటలొచ్చిన ఏడాదే ఆ పేరు నాక్కూడా పెట్టాడు. అన్నయ్యని కిక్కిస అనేవాడు.

"నాకిద్దరు. ఒకడు కిక్కిస, ఎంత గాలి వీచినా వంగుతాడు గానీ చోటు కదలడు. ఇంకోటి వాగుడుకాయ, కాసేపు నోరు మూస్తే ఒంట్లో బాగోలేదేమో అని చూడాలి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

కోతకి నాన్న రూలు ఒకటే. వాగుడుకాయలు నోరు మూసేదాకా కొడవలి తియ్యకూడదు. పిల్లలు ఎగిరిపోయాక వాటికి వాగే పని ఉండదు. ఏ రోజు పొద్దున చెవి పెట్టి వింటే మడుగు నిశ్శబ్దంగా ఉంటుందో, ఆ రోజు నాన్న మా వైపు తిరిగి, చూపుడువేలు కొడవలిలా వంచి గాలిలో ఒక్కసారి తన వైపు లాక్కునేవాడు. నోటితో ఏమీ అనేవాడు కాదు. అంతే, మర్నాడు కోత.

దానికి రెండు మూడు వారాల ముందు నుంచీ చిన్న పడవ వేసుకుని కిక్కిసలోకి వెళ్లి, గూళ్లు ఉన్నచోట కాడలకి గుడ్డపేలికలు కట్టి వచ్చేవాడు. అన్నయ్యని తీసుకెళ్లేవాడు గానీ నన్ను ఏనాడూ పడవ ఎక్కించలేదు. "నీ నోటికి పిట్టలు ఊరు వదిలి పోతాయే" అనేవాడు. నేను ఒడ్డున నిలబడి, పచ్చటి గడ్డిలో అక్కడక్కడా ఎగిరే పేలికల్ని లెక్కపెట్టేదాన్ని. గూళ్లకి గుర్తులు. నాకు తెలిసింది అంతవరకే.

చలికాలం చివర నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు పోయాయి. చెవులు మిగిలాయి. మడుగు వైపు కిటికీ పక్కన మంచం వేశాం.

*

సర్కారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది ఆ తర్వాతే. మడుగు పూడ్చి లారీలు నిలిపే స్థలం చేస్తారట. గడ్డి కోసుకునే వాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెడితే, ఇంటికి ఒకరికి అక్కడే కాపలా ఉద్యోగం ఇస్తారట. అన్నయ్య వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. ఆ సంగతి నాకు తపాలా ఆయన చెబితే తెలిసింది.

"నాన్న మంచంలో ఉండగానే ఆయన మడుగు అమ్మేశావు" అన్నాను.

అన్నయ్య తడికకి తాడు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. "అమ్మలేదు. పెట్టకపోయినా పూడుస్తారు. పెడితే జీతం అన్నా వస్తుంది. నాన్నని ఎత్తి కూర్చోబెట్టడానికి నెల జీతానికి ఒక మనిషి కావాలి, మందులు కావాలి. నువ్వు మాట్లాడతావు, మందులు మాటలకి రావు."

"నువ్వు మాట్లాడకుండా చేసిందేంటి మరి? ఆయన్ని ఒక్క ముక్క అడిగావా? చెవులున్నాయిగా ఆయనకి!"

"అడిగితే ఏం చెబుతాడు?"

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చెబుతాడు అంటే, చెప్పలేడు కనక అడగక్కర్లేదనేగా! ఆఫీసు వాళ్ల చెప్పులు మోసేవాడితో నాకు మాటలేంటి అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను, రాసే మొహం లేదు. అన్నయ్య తాడు చివర ముడి వేసి, లేచి, బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు లేవు. "మీ వాడిని గొళ్లెం వేయమను" అని నేను, "మీ అమ్మాయిని దీపం తగ్గించమను" అని వాడు, నాలుగడుగుల దూరంలో నిలబడి మధ్యలో అమ్మకి చెప్పేవాళ్లం. అమ్మ మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసి మాటలు మోసేది.

*

ఎండలు ముదిరాక ఒకావిడ వచ్చింది. భుజానికి దుర్భిణి, నెత్తిన వెడల్పాటి టోపీ, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. పిట్టల్ని లెక్కపెట్టే శాఖ నుంచి వచ్చానంది. మా వీధిలో ఆవిడ పేరు ఎవరికీ నోరు తిరగలేదు, పిట్టలావిడ అనేవాళ్లు. మడుగు పూడ్చే ముందు అందులో ఏముందో చూసి రాయమని ఆవిడని పంపారట.

మా అరుగు మీద కూర్చుని ఒక ఫారం తీసి చూపించింది. మధ్యలో గీత. ఎడమ పక్కన గడ్డి, కుడి పక్కన పిట్ట.

"ఈ రెండింటినీ పోల్చి రాయాలి. గడ్డి ఎంత ఎత్తు, ఎంత ఒత్తు, ఎక్కడ ఎన్ని గూళ్లు. ఈ గడ్డి లేకపోతే ఈ పిట్ట బతకలేదు అని తేల్చాలి."

"తేల్చేదేముంది మేడమ్, బతకదు. నన్నడగండి."

"నువ్వు చెప్పావని రాస్తే ఒప్పుకోరమ్మా, అంకెలు కావాలి. గుడ్లు ఉన్న గూళ్లు నలభై చూపించాలి. ఒకసారి చూసి, పదిహేను రోజుల తర్వాత ఆఫీసు మనిషిని వెంటబెట్టుకుని రెండోసారి చూడాలి. రెండుసార్లూ నలభై ఉంటే మడుగు జోలికి రావడానికి వీల్లేదు. రూలు ఉంది."

నలభై! మా మడుగులో నలభై ఒక లెక్కా?

"గడ్డి గొప్పదా, పిట్ట గొప్పదా మేడమ్?" అని అడిగాను, ఉత్సాహం ఆపుకోలేక.

ఆవిడ నవ్వింది. "గట్టిది మాత్రం గడ్డే. కోస్తే నలభై రోజుల్లో మళ్లీ లేస్తుంది, కింద వేరు ఉంటుందిగా. పిట్టకి వేరు లేదు, గూడు ఒక్కటే. అది పోతే ఆ ఏడాది పోయినట్టే."

"మా ఇంట్లోనూ అంతే" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

గూళ్లకి గుర్తు ఎలా పెట్టాలా అని ఆవిడ ఆలోచిస్తుంటే నేనే చెప్పాను. "మా నాన్న ఏటా గుడ్డపేలికలు కట్టేవాడు. మేమూ అలాగే కడదాం." బాగుందంది. అన్నయ్యకి మాత్రం ఈ లెక్క సంగతి తెలియకూడదని గట్టిగా చెప్పాను. సంతకం పెట్టినవాడు, ఆఫీసులో ఊదేస్తాడని నా అనుమానం. అన్నయ్య అలాంటివాడు కాదని నాకు తెలియదా? తెలుసు. కోపంలో ఉన్నప్పుడు తెలిసినవి అక్కరకి రావు.

*

పేలికల కోసం నాన్న పాత చారల చొక్కా తీశాను. ఏటా ఆయన కట్టేది ఆ చొక్కాలే. ఆయన మంచం పక్కనే కూర్చుని అంచు కొరికి బర్రున చింపాను.

నాన్న కళ్లు తెరిచాడు. చొక్కా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. బయట పిట్టలు గోల గోలగా అరుస్తున్నాయి. ఇంకో పేలిక చింపేసరికి ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతికి అంత బలం ఉందని నేననుకోలేదు. కిటికీ వైపు చూస్తాడు, చొక్కా వైపు చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు.

"చొక్కా పోతే పోయిందిలే నాన్నా, కొత్తది కొంటాను" అన్నాను.

ఇంకా గట్టిగా ఊపాడు. నోటి పక్కనుంచి చొంగ కారింది. తుడిచాను. నీ మడుగు నిలబెడతాను చూడు అని చెవిలో చెప్పాను. లెక్క గురించి, పిట్టలావిడ గురించి, నలభై గూళ్ల గురించి చెప్పాను. ఎన్ని చెప్పినా ఆయన నా చెయ్యి వదల్లేదు. చివరికి ఒక్కొక్క వేలూ విడదీసుకుని లేచాను. వెనక్కి తిరిగి చూస్తే ఏడుస్తున్నాడు. ఆ రోగం వచ్చినవాళ్లకి ఊరికే ఏడుపొస్తుందని డాక్టరు చెప్పాడు కదా అనుకున్నాను.

*

కిక్కిసలోకి వెళ్లడం నాకదే మొదటిసారి. పడవ గడ్డిని చీల్చుకుంటూ పోతుంటే రెండు పక్కలా పచ్చటి గోడలు, పైన చారెడు ఆకాశం. అన్నయ్య మందులకోసమో పనికోసమో ఊళ్లోకి వెళ్లిన వేళలు చూసుకుని వెళ్లేవాళ్లం.

మొదటి గూడు చూసినప్పుడు నాకు మాట రాలేదు. పిట్టలావిడకి అది ఆశ్చర్యమే అయి ఉంటుంది. నాలుగు కాడల్ని కలిపి, నీటికి మూరెడు పైన, నారలాంటి పోచల్ని ఒక కాడ చుట్టూ తిప్పి, ఇంకో కాడకి లాగి, మళ్లీ తిప్పి, లోతైన గిన్నెలా అల్లింది. గాలి వస్తే నాలుగు కాడలూ వంగుతున్నాయి, వాటితోపాటు గూడూ వంగుతోంది, లోపల మచ్చల గుడ్లు మూడు మాత్రం దొర్లడం లేదు. పక్క కాడకి పేలిక కట్టాను. నాన్న వేసే ముడే, రెండు చుట్లు తిప్పి కిందనుంచి లాగేది. తడిక చివర మా ఇంట్లో వేసే ముడి అదే.

ఆ సాయంత్రం అమ్మకి చేతులు తిప్పి చూపించాను, గూడు ఎలా అల్లిందో. అమ్మ తడిక పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

"కాడల్ని కోయకుండానే అల్లిందా?" అంది.

"కోయలేదమ్మా. నిలబడ్డవాటికే అల్లింది."

"అదీ పని అంటే. మనం చంపి అల్లుతాం. అది బతికున్నదాన్ని పట్టుకుని అల్లుతుంది." తడిక మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "ఇంత చిన్న ముక్కుతో!" అంది.

తొమ్మిది రోజుల్లో నలభై మూడు గూళ్లు. నలభై మూడు పేలికలు. నాన్న చొక్కా కాలరు తప్ప ఏమీ మిగల్లేదు. పిట్టలావిడ కుడి పక్క గడిలో నలభై మూడు అని రాసి కింద గీత గీసింది. నేను ఇంటికొచ్చి పెరట్లో ఎవరూ చూడకుండా గెంతాను. ఇరవై ఆరేళ్లదాన్ని.

*

రెండోసారి లెక్కకి ఇంకా నాలుగు రోజులుంది. కాగితాలు సాపు చేయించడానికి పిట్టలావిడ నన్ను పట్నంలో వాళ్ల ఆఫీసుకి రమ్మంది. బయల్దేరుతుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ అన్న నిన్నేదో అడగమన్నాడు. అడగనని చెప్పేశా."

"ఏమిటట?"

"ఏమో, పేలికలో ఏవో. నాన్న చెప్పాడా అని కనుక్కోమన్నాడు. నావల్ల కాదు తల్లీ. మూడు నెలలుగా మీ మాటలు మోసి మోసి నా ప్రాణం విసిగిపోయింది. నోరు పడిపోయింది మీ నాన్నకి, మీకు కాదు. వాడు పెరట్లోనే ఉన్నాడు. వెళ్లి మాట్లాడు."

పెరటి తలుపు తీసే ఉంది. అన్నయ్య వీపు కనిపిస్తోంది. కొడవలి నూరుతున్నాడు. పేలికలు చూసేశాడన్నమాట, లెక్క సంగతి లాగడానికి చూస్తున్నాడు, నాన్న పేరు అడ్డం పెట్టుకుని. నాకు అలా తోచింది. కోతకి ఇంకా నెల ఉండగా కొడవలి ఎందుకు నూరుతున్నాడు అని మాత్రం తోచలేదు.

"వాడితో నాకేం మాటలు లేవు" అన్నాను, వాడికి వినపడేలా. కొడవలి చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

పదడుగులు. బస్సుకి ఇంకా అరగంట టైముంది. ఎన్నేళ్లయినా ఆ పదడుగులే నాకు కలలోకి వస్తాయి.

*

మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. పెరడంతా పచ్చి కిక్కిస కట్టలు. గోడకి ఆనించినవి, నేలమీద పరిచినవి. అమ్మ మధ్యలో కూర్చుని కట్టలు విప్పుతోంది. అన్నయ్య నడుందాకా తడిసి, ఒళ్లంతా ఆకుల గీతలతో పడవలోంచి దిగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. మూడు నెలల తర్వాత వాడి పళ్లు చూశాను.

"భలేదానివే వాగుడుకాయా! నాన్న కూడా ఇంత శుభ్రంగా గుర్తులు పెట్టలేదు. ఒక్కటీ వదల్లేదు, ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని నిన్నా ఇవాళా అన్నీ కోసేశాను."

నా నోట్లోంచి ఏమీ రాలేదు. వాడు దాన్ని సిగ్గనుకున్నాడో, పంతం అనుకున్నాడో.

"సరేలే, నువ్వు మాట్లాడకు. నేనే మాట్లాడతా. పేలికలు చూసి మొదట నమ్మలేదు. నాన్న ముడి, నాన్న చొక్కా! నేను సంతకం పెట్టానని నాన్న కోపంగా ఉన్నాడనుకున్నా. నీకు సైగ చేసి ఈ ఏడాది కోత మొదలుపెట్టమన్నాడంటే... ఆ సంతకం కాగితం నిన్న పొద్దునే వెళ్లి వెనక్కి అడిగానే. ఈ సరుకు చూపిస్తే ఎవరో ఒకరు పెద్ద ఆర్డరు ఇవ్వరా? మన పని మనం చేసుకుందాం." చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "పిట్టలు మాత్రం ఒకటే గోల. పక్క గూళ్లవనుకో."

"పిట్టలింకా అరుస్తున్నాయి కదరా అని నేనూ అన్నా" అంది అమ్మ, కట్ట విప్పుతూ. "పేలిక ఉన్నచోటే కోస్తున్నానమ్మా అన్నాడు. పిల్లలు ఎగిరిపోయిన ఖాళీ గూళ్ల దగ్గరే కడతాడట మీ నాన్న. నాకేం తెలుసు?"

అమ్మ చేతులు ఆగిపోయాయి.

కట్ట మధ్యలో, నాలుగు పచ్చి కాడల మధ్య, గూడు ఉంది. ఒక్క పోచ కూడా ఊడలేదు. అమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని లోపలికి చూసింది. ఒక గుడ్డు చితికి అడుగున అంటుకుపోయింది. ఒకటి బాగానే ఉంది.

అన్నయ్య దగ్గరికొచ్చి చూశాడు. వాడి మొహంలో రంగు ఎలా పోయిందో నేను చూశాను.

"నేను గుడ్లున్న గూళ్లకి కట్టాను" అన్నాను.

"నాన్న ఖాళీవాటికి కడతాడు" అన్నాడు అన్నయ్య. "కోయొచ్చని."

ఇద్దరం మెల్లగానే అన్నాం. మూడు నెలల తర్వాత మేము మాట్లాడుకున్న మాటలు అవే. నాన్న నా మణికట్టు ఎందుకు పట్టుకున్నాడో, ఎందుకు ఏడ్చాడో నాకప్పుడు తెలిసింది. పిట్టలు అరుస్తుండగా పేలికలు చింపుతున్నావేమే అని ఆయన తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చెప్పాడు. నేను చొక్కా కొంటానన్నాను.

అమ్మ ఏడవలేదు. ఆ గూడును కళ్ల దగ్గరగా పెట్టుకుని, పోచలు కాడల్ని చుట్టుకున్న చోట వేలితో తడుముతూ ఉండిపోయింది.

*

నేను లెక్క సంగతంతా చెప్పగానే అన్నయ్య ఆ గూడు తీసుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. మిగిలిన కట్టలన్నీ నేను విప్పాను. ఇంకో ఆరు గూళ్లే దొరికాయి, మిగతావి కోసేటప్పుడు నీళ్లలో పడిపోయి ఉంటాయి. ఆ ఆరింటిలో రెండింటిలో గుడ్లున్నాయి. వాటినీ ఇచ్చాను. కోయని కాడల మధ్య పెట్టి, నా పేలికలతోనే, మా ఇంటి ముడితోనే కట్టాడు. రొమ్ములోతు నీళ్లలో నిలబడి, ఇటు వంగకుండా అటు వంగకుండా సరిచూసి కట్టాడు. చీకటి పడేదాకా పడవలో పడుకుని చూశాడట, ఏదైనా వచ్చి కూర్చుంటుందేమోనని. పిట్టలు చుట్టూ తిరిగాయి, అరిచాయి. గూటి మీదికి ఒక్కటీ రాలేదు.

"మనిషి కట్టింది దానికి తెలిసిపోతుందే" అన్నాడు వచ్చి. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. నా చెంప పగలగొట్టినా బాగుండేది. కిక్కిస కదా, వంగి ఊరుకున్నాడు.

నాలుగో రోజు పిట్టలావిడ ఆఫీసు మనిషితో వచ్చింది. పడవలో ఒక చుట్టు తిరిగొచ్చారు. ఆవిడ బూట్లు విప్పకుండానే అరుగు మీద కూర్చుంది. జరిగింది నేను చెప్పాను, అన్నయ్య తప్పు లేదని చెప్పాను. అన్నయ్య లోపల్నుంచి వచ్చి తప్పంతా తనదేనన్నాడు. ఆఫీసు మనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "తప్పెవరిదైనా గడిలో రాయడానికి లేదండీ" అన్నాడు. చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు అడిగి తాగాడు.

పిట్టలావిడ ఎడమ పక్క గడిలో గడ్డి ఎత్తు రాసింది, ఒత్తు రాసింది. కోసినచోట అప్పుడే బెత్తెడు మొలకలు వచ్చాయని కూడా రాసింది. కుడి పక్క కలం పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత "లేవు" అని రాసింది.

"వచ్చే ఏడు వస్తాయి కదా మేడమ్?" అన్నాను.

"వస్తాయమ్మా. గడ్డి ఉంటే వస్తాయి" అంది, నా మొహం చూడకుండా.

గడ్డి ఉండలేదు. వానలు పడకముందే నాన్న పోయాడు, ఆయన పోయిన వారానికి మిషన్లు వచ్చాయి. వేరుతో సహా తోడేశాయి. గడ్డికి వేరుంది, అది గట్టిది అని ఆవిడ చేసిన పోలిక అక్కడితో చెల్లిపోయింది. ఇప్పుడక్కడ లారీలు నిలబడతాయి. గేటు దగ్గర కుర్చీలో అన్నయ్య ఉంటాడు. వాడు అడిగిన సంతకం కాగితం వెనక్కి ఇవ్వలేదు గానీ, ఉద్యోగం ఇస్తామన్న మాట వాళ్లు నిలబెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఇంకో చోటికి పోదాం అని వాడు ఎప్పుడూ అనలేదు. ఇంటికొచ్చాక నేనేదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను, వాడు వింటూ ఉంటాడు. ఒక్కరోజు కూడా మేము మాటలు మానలేదు మళ్లీ. ఆ పేలికల గురించి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. చెప్పకూడదనే అనుకున్నాను.

పిట్టలావిడ వెళ్లిన మూడో రోజు పొద్దున నాన్నకి మొహం కడుగుతున్నాను. ఆయన ఉన్నట్టుండి తల కిటికీ వైపు తిప్పాడు. నేనూ విన్నాను. కోత రోజు నుంచీ అరిచి అరిచి, ఆ పొద్దున మడుగులో ఒక్క పిట్టా లేదు. గాలికి గడ్డి ఆకులు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి కనిపించే ముందు వరస కిక్కిస చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. కోతంతా దాని వెనక. మంచంలో ఉన్న మనిషికి రోజుల లెక్క ఎలా తెలుస్తుంది?

నాన్న చాలాసేపు విన్నాడు. మొహంలో ఏదో తేట వచ్చింది. నెలల తర్వాత ఆయన అంత నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం అప్పుడే చూశాను. నా వైపు తిరిగాడు. ఎడమ చెయ్యి కష్టంగా పైకెత్తి, చూపుడువేలు వంచి, గాలిలో ఒక్కసారి తన వైపు లాక్కున్నాడు.

గుమ్మంలో అన్నయ్య నిలబడి చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరం ఏదో ఒకటి చెప్పాలి. నా నోరు పెగల్లేదు. అన్నయ్య లోపలికెళ్లి కొడవలి తెచ్చి, మంచం మీదికి వంగి, ఆయన ముందు పట్టుకున్నాడు. నాన్న ఎడమ బొటనవేలితో పదును చూశాడు. తల ఊపాడు. సగం మొహంతో నవ్వాడు.

"రేపట్నుంచి మొదలుపెడతాం నాన్నా" అన్నాడు అన్నయ్య.